కెంటకీ క్రియేషన్ మ్యూజియం: పిల్లలతో వెళ్లినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

శ్రీవల్లి_మేసన్

అందరికీ నమస్కారం. మేము సిన్సినాటి దగ్గర మేసన్‌లో ఉంటాం. మా పాప మూడో తరగతి, డైనోసార్లంటే ప్రాణం. పాప ఫ్రెండ్ వాళ్ల అమ్మానాన్నలు వచ్చే నెల పిల్లల్ని పీటర్స్‌బర్గ్‌లో ఉన్న క్రియేషన్ మ్యూజియంకి తీసుకెళ్తూ మమ్మల్నీ రమ్మన్నారు. చాలా మంచి మనుషులు. మేం ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఎంతో సాయం చేశారు, అందుకే రాలేమని చెప్పడానికి మనసొప్పడం లేదు. కానీ అక్కడ మనుషులూ డైనోసార్లూ కలిసి బతికారని, భూమి వయసు ఆరు వేల ఏళ్లేనని చూపిస్తారట కదా. అదీ నా టెన్షన్. లోపల ఏముంటుంది, సైంటిస్టులు దేన్ని తప్పంటున్నారు, కాస్త వివరంగా చెప్పండి. పాప అడిగితే నా దగ్గర జవాబు ఉండాలి.

రఘు_కొలంబస్

మేం వెళ్లాం శ్రీవల్లి గారూ. ఏర్పాట్లు నిజంగా బాగుంటాయి. 2007 మేలో తెరిచారు, కట్టడానికి 2 కోట్ల 70 లక్షల డాలర్లు అయిందట. ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కెన్ హామ్ గారి ఆన్సర్స్ ఇన్ జెనెసిస్ సంస్థ దీన్ని నడుపుతుంది. ఎగ్జిబిట్లు డిజైన్ చేసినాయన అంతకుముందు యూనివర్సల్ స్టూడియోస్ రైడ్లకి పనిచేశాడు, ఆ పనితనం ప్రతి గదిలో కనిపిస్తుంది. తల తిప్పే, అరిచే డైనోసార్లు, ఏదెను తోట, బైబిల్లోని జలప్రళయం కోసం ఓడ కడుతున్న నోవహు మనుషులు, ప్లానెటేరియం అన్నీ ఉన్నాయి. పిల్లలు అక్కడినుంచి కదలరు.

నేను ఎక్కువసేపు నిలబడింది అల్లోసారస్ అనే డైనోసార్ దగ్గర. పేరు ఎబెనెజర్. అది నకలు బొమ్మ కాదు, కొలరాడోలో దొరికిన అసలు శిలాజం. పుర్రె ఒక్కటే దాదాపు మూడడుగుల పొడవుంటుంది. 2014లో ప్రదర్శనకి పెట్టారు. అది దొరికిన మోరిసన్ అనే రాతి పొరల వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు. మ్యూజియం మాత్రం అది దాదాపు 4,300 ఏళ్ల కింద జలప్రళయంలో చచ్చిపోయిందని చెబుతుంది.

ఆదాము హవ్వలు పాపం చేయకముందు జంతువులన్నీ ఆకులే తినేవన్నది వాళ్ల వాదన. మా వాడు ఆ పళ్లు చూసి "నాన్నా, దీంతో ఆకులెలా తింటుంది?" అని అడిగాడు. పళ్లు పదునుగా ఉన్నంత మాత్రాన మాంసమే తింటుందని చెప్పలేం అన్నది మ్యూజియం వైపు జవాబు. ఆ మాట వరకూ సరే. కానీ అల్లోసారస్ పళ్లు కత్తిలా చదునుగా ఉండి, అంచున రంపపు గాట్లుంటాయి. పైగా దాని కాట్లు పడిన వేరే డైనోసార్ల ఎముకలు కూడా దొరికాయి. ఇవి ఇంటికొచ్చాక చదివి వాడికి చెప్పాను. మీరు ముందే చదివి వెళ్తే అక్కడే చెప్పొచ్చు.

వరంగల్_బయాలజీ_టీచర్

నేను అక్కడికి వెళ్లలేదు. మా అక్కావాళ్లు వెళ్లి ఫోటోలు పంపితే, నా క్లాసులో పిల్లలకి చెప్పడం కోసం వాటి గురించి బాగా చదివాను. రెండు విషయాలు చెప్తాను.

మొదటిది లూసీ. 1974లో ఇథియోపియాలోని హడార్‌లో దొరికిన, మనిషి పూర్వీకుల వర్గానికి చెందిన ఒక జీవి అస్థిపంజరం, వయసు సుమారు 32 లక్షల ఏళ్లు. దాదాపు 40 శాతం ఎముకలు దొరికాయి. మ్యూజియంలో లూసీని చేతి కణుపులు నేలకి ఆనించి నడిచే గొరిల్లా లాంటి కోతిగా తయారుచేసి పెట్టారు. శాస్త్రవేత్తలు గట్టిగా తప్పుపట్టిన వాటిలో ఇదొకటి. లూసీ కటి ఎముక వెడల్పుగా, పొట్టిగా మన దానిలా ఉంటుంది. తొడ ఎముక మోకాలి దగ్గరికి లోపలికి వంగి వస్తుంది. రెండు కాళ్ల మీద నడిచే మనిషికి ఆ వంపు ఉంటుంది, చింపాంజీకి ఉండదు. టాంజానియాలో లేటోలి దగ్గర 1978లో బయటపడిన, లూసీ జాతివని ఎక్కువమంది అనుకునే పాదముద్రలు 36 లక్షల ఏళ్ల నాటివి. అగ్నిపర్వతం బూడిద మీద రెండు కాళ్లతో నడిచిన జాడ అది, ఎక్కడా చేతుల గుర్తులు లేవు. లూసీకి ఏ రంగు జుట్టుండేదో ఎవరైనా ఊహించుకోవచ్చు. నడక మాత్రం ఎముకల్లోనే రాసి ఉంది.

రెండోది "జాతి మూలాలు" అనే వాదన. ఓడలో ఇప్పుడున్న జంతువులన్నీ పట్టవని వాళ్లకీ తెలుసు. అందుకే పిల్లుల కుటుంబమంతటికీ ఒక జంట, కుక్కలూ తోడేళ్లూ నక్కలకి ఒక జంట అని లెక్క వేస్తారు. అక్కడికి దగ్గర్లోనే విలియమ్స్‌టౌన్‌లో 2016లో తెరిచిన ఆర్క్ ఎన్‌కౌంటర్‌లో, 510 అడుగుల ఓడలో, ఇలాంటి మూలాలు సుమారు 1,400 అని, జంతువులు 7,000 లోపేనని చెబుతారు. మరి ఆ కొద్ది జంటల నుంచి సింహం, పులి, చిరుత, ఇంటి పిల్లి ఇన్ని రకాలుగా కొన్ని వందల ఏళ్లలో విడిపోవాలి. పరిణామాన్ని ఒప్పుకునే ఏ జీవశాస్త్రవేత్తా అంత వేగాన్ని ఊహించడు. పరిణామమే అబద్ధమనేవాళ్లు పరిణామాన్ని ఇంత వేగంగా నడిపించాల్సి రావడం ఈ వాదనలో అతిపెద్ద లోపమని నా అభిప్రాయం.

మన వైపు నుంచి ఒక ఆధారం కూడా ఉంది. వాళ్ల లెక్కలో ప్రళయం వచ్చింది క్రీ.పూ. 2350 ప్రాంతంలో. సరిగ్గా అప్పుడు సింధు నగరాలు కళకళలాడుతున్నాయి. క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా అదే ఇటుకల కొలత, అదే లిపి, ముద్రల మీద అవే మూపురపు ఎద్దులు, ఏనుగులు, పులులు. లోకమంతా మునిగి నోవహు కుటుంబంలోని ఎనిమిది మందే మిగిలిన జాడ ఆ పొరల్లో లేదు.

వినయ్_లెక్సింగ్టన్

నేను చర్చికి వెళ్లే మనిషిని, ఆ మ్యూజియం నాకు నచ్చింది కూడా. ఒక ప్రశ్న అడగొచ్చా? వాళ్లు తమ నమ్మకాన్ని దాచుకోవడం లేదు. గవర్నమెంట్ స్కూల్లో రుద్దడమూ లేదు. ఇష్టమున్నవాళ్లే టికెట్ కొనుక్కుని వెళ్తారు. మొదట్లోనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే ఎముకలు తవ్వుతున్నట్టు చూపిస్తారు, ఒకరు బైబిల్‌తో మొదలుపెడతారు, ఇంకొకరు మనిషి ఆలోచనతో. ఆధారాలు ఒకటే, అర్థం చేసుకునే తీరు వేరు. కోట్ల ఏళ్ల లెక్కలు కూడా కొన్ని ఊహల మీద నిలబడ్డవే కదా. మరి ఒక వైపునే తప్పుపట్టడం న్యాయమేనా?

వరంగల్_బయాలజీ_టీచర్

వినయ్ గారూ, మర్యాదగా అడిగారు, సంతోషం. టికెట్ కొని చూసే హక్కు గురించి ఎవరికీ పేచీ లేదు. ఇబ్బంది ఆ ఇద్దరు శాస్త్రవేత్తల బొమ్మతోనే ఉంది. సైన్స్‌లో ఎక్కడ మొదలుపెట్టామన్నది అంత ముఖ్యం కాదు, మన అంచనా తప్పయితే అది బయటపడే దారి ఉందా లేదా అన్నది ముఖ్యం. చేపలకీ నాలుగు కాళ్ల జంతువులకీ మధ్య ఉండాల్సిన జీవి ఏ వయసు రాళ్లలో దొరకాలో శిలాజ శాస్త్రవేత్త నీల్ షుబిన్ బృందం ముందే లెక్కవేసుకుంది. ఆ వయసు రాళ్లు ఉన్నాయని కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవికి వెళ్లి ఏళ్ల తరబడి వెతికితే 2004లో టిక్టాలిక్ దొరికింది. వయసు 37 కోట్ల 50 లక్షల ఏళ్లు, రెక్కల్లో మణికట్టు లాంటి ఎముకలున్నాయి. దొరక్కపోయే ప్రమాదం వాళ్ల ముందు ఉంది.

అటువైపు, బైబిల్‌కి విరుద్ధంగా ఉన్న ఏ ఆధారమూ చెల్లదని ఆ సంస్థ తన విశ్వాస ప్రకటనలోనే రాసుకుంది. 2014 ఫిబ్రవరి 4న ఆ మ్యూజియంలోనే, టీవీలో సైన్స్ చెప్పి పేరు తెచ్చుకున్న బిల్ నైకీ కెన్ హామ్‌కీ జరిగిన చర్చలో మీ మనసు ఏది మార్చగలదని ఇద్దరినీ అడిగారు. నై "ఆధారం" అన్నాడు. దేవుని వాక్యం నిజం కాదని తనను ఎవరూ ఒప్పించలేరని హామ్ చెప్పాడు. అలా నమ్మే హక్కు ఆయనకి ఉంది. కానీ జవాబు ముందే ఖాయమైన చోట ఎముకలు తవ్వి కొత్తగా తెలుసుకునేదేముంది?

రాళ్ల_రమణ

నేను జియాలజీ చదివి చాలాకాలం గనుల సర్వేలో పనిచేశాను, ఇప్పుడు డేటన్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వినయ్ బాబు వయసు లెక్కల గురించి అడిగాడు కాబట్టి ముందు అది. జిర్కాన్ అనే చిన్న స్ఫటికంలో యురేనియం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, ఇంకోటి 70 కోట్ల ఏళ్లు. వేగాలు వేరు, రెండూ మారేది సీసంగానే. స్ఫటికం చెడకుండా ఉంటే రెండూ ఒకే వయసు చెబుతాయి. ఊహలు తప్పయితే రెండు వేర్వేరు లెక్కలు ఒక్కచోటికి రావు. ఈ మార్పు ఒకప్పుడు చాలా వేగంగా జరిగిందని సృష్టివాదులు రేట్ అనే ప్రాజెక్టులో వాదించారు. అలా జరిగితే పుట్టే వేడికి భూమే కరిగిపోతుంది. ఆ వేడి సమస్య తీరలేదని 2005 నాటి తమ నివేదికలో వాళ్లే రాశారు.

ఇక శ్రీవల్లమ్మా, నీకు చెప్పాల్సింది మ్యూజియం కింద ఉన్న నేల గురించి. నాకు అసలు ఆసక్తి అక్కడే. సిన్సినాటి చుట్టుపక్కల, ఉత్తర కెంటకీ అంతా 45 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు. ఆర్డోవీషియన్ కాలం. సున్నపురాయి పొర, షేల్ (బురద గట్టిపడి అయిన రాయి) పొర, మళ్లీ సున్నపురాయి, ఇలా వందల పొరలు. రోడ్డు కోసం కొండ కోసిన ఏ చోట చూసినా కనిపిస్తాయి. ట్రైలోబైట్లు, బ్రాకియోపాడ్లు, బ్రయోజోవన్లు అనే అప్పటి సముద్ర జీవుల శిలాజాలు గుట్టలుగా దొరుకుతాయి. ఈ పొరల కోసం ప్రపంచం నలుమూలల నుంచి జియాలజిస్టులు వస్తారు. 2009లో సిన్సినాటిలో శిలాజ శాస్త్రవేత్తల మహాసభ జరిగితే, వాళ్లలో పదుల మంది బస్సెక్కి ఆ మ్యూజియం కూడా చూసొచ్చారు.

ప్రళయం బురదే ఈ పొరలన్నీ పరిచిందని మ్యూజియం వాళ్లంటారు. ఒక మాట వాళ్లు సరిగ్గానే చెబుతారు, కొన్ని పొరలు గంటల్లో ఏర్పడ్డవే. తుపాను వచ్చి బురద కప్పేస్తే ట్రైలోబైట్ ఉండచుట్టుకుని అలాగే శిలాజమైపోయింది. ఇది జియాలజిస్టులు ఎప్పటినుంచో చెబుతున్నదే. చిక్కంతా ఒక తుపానుకీ ఇంకో తుపానుకీ మధ్య ఉన్న కాలంతో. ఇక్కడి పొరల్లో గట్టిపడిన సముద్రపు అడుగులు కనిపిస్తాయి. సున్నపు బురద మొదట రాయిగా గట్టిపడింది. ఆ తర్వాత చిన్న జీవులు ఆ రాయికి బెజ్జాలు వేశాయి. ఇంకొన్ని పిల్లలుగా వచ్చి దానికి అతుక్కుని పెద్దవయ్యాయి. వాటి మీద మళ్లీ వేరేవి పెరిగాయి. అప్పుడు ఇంకో బురద పొర కప్పింది. ఆ పైన ఇంకో గట్టి అడుగు, మళ్లీ బెజ్జాలు, మళ్లీ అతుక్కున్న జీవులు. ఒక్క ఏడాదిలో ముగిసిన ప్రళయంలో, పరవళ్లు తొక్కే బురదనీటి కింద, అడుగు రాయిలా మారడానికీ దాని మీద తరాల తరబడి జీవులు పెరగడానికీ వ్యవధి ఎక్కడుంది? నాకు తెలిసి దీనికి సరైన జవాబు వాళ్ల దగ్గర లేదు.

మనవాళ్లకి ఇలాంటిది తిరుమల ఘాట్ రోడ్డులో ఉంది. కింద గ్రానైట్, పైన ఇసుక గట్టిపడి అయిన క్వార్ట్‌జైట్, మధ్య గీత గీసినట్టు సరిహద్దు. గ్రానైట్ భూమి లోతుల్లో పుట్టే రాయి. అది పైకి రావాలి, మీదున్నదంతా అరిగిపోవాలి, అప్పుడు దాని మీద ఇసుక పేరుకోవాలి. ఆ గీత దగ్గర మాయమైన కాలం దాదాపు 80 కోట్ల ఏళ్లని అంచనా. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు కూడా. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు పాపకి చూపించు.

ఎస్తేరు_గుంటూరు

నేను సండే స్కూల్లో పాఠాలు చెప్తాను, డిగ్రీలో జువాలజీ. ఈ చర్చ దేవుణ్ణి నమ్మేవాళ్లకీ సైన్స్‌కీ మధ్య తగాదాలా మారకూడదని రాస్తున్నాను. మానవ జీనోమ్ ప్రాజెక్టుని నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ గట్టి విశ్వాసి, పరిణామాన్ని ఒప్పుకుంటాడు. పోప్ రెండో జాన్ పాల్ 1996లోనే పరిణామం ఉత్త ఊహ స్థాయి దాటిందని చెప్పారు. ఆదికాండము మొదటి అధ్యాయం నాకు ప్రాణంతో సమానం, ప్రతి ఏడాదీ పిల్లలకి చదివి వినిపిస్తాను. సృష్టికర్త ఎవరో చెప్పడానికి అది రాశారని నమ్ముతాను. రాళ్ల వయసు దానిలో వెతకను.

ఆ మ్యూజియంలో నన్ను బాధపెట్టింది డైనోసార్లు కాదండి. కోట్ల ఏళ్లని ఒప్పుకుంటే కుటుంబాలు, చర్చిలు, నీతి అన్నీ కూలిపోతాయన్నట్టు చూపించే గదులు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయికి ఎవరో అలాగే నూరిపోశారు, రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని. ఇంజినీరింగ్‌కి వెళ్లి రెండేళ్లు తిరక్కుండానే చర్చికి రావడం మానేశాడు. పసిపిల్లల ముందు అలాంటి షరతు పెట్టకూడదు. వినయ్ తమ్ముడూ, నిన్ను అనడం లేదు, నీ విశ్వాసం మీద నాకు గౌరవం ఉంది.

వినయ్_లెక్సింగ్టన్

అక్కా, ఆ గదుల గురించి మీరన్నది నిజమే, నాకూ అవి భారంగా అనిపించాయి. రమణ గారు చెప్పిన గట్టిపడిన అడుగుల సంగతి నేనెప్పుడూ వినలేదు. చదువుతాను. ఇప్పటికిప్పుడు నా నమ్మకం మారిందని మాత్రం అనను.

శ్రీవల్లి_మేసన్

అందరికీ చాలా థాంక్స్. వెళ్దామనే అనుకుంటున్నాం. లూసీ, అల్లోసారస్ పళ్ల సంగతి పాపకి ముందే చెప్తాను. రమణ గారూ, ఆ పొరలు, శిలాజాలు పిల్లలకి స్వయంగా చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి? ఆ వారమే వెళ్తే బాగుంటుంది. పాప ఫ్రెండ్ వాళ్లని కూడా పిలుద్దామని ఉంది.

రాళ్ల_రమణ

తప్పకుండా పిలువమ్మా. మీకు బాగా దగ్గర షారన్‌విల్‌లోని ట్రామెల్ ఫాసిల్ పార్క్. కొండ వాలు మీద పొరల పేర్లు రాసిన బోర్డులుంటాయి, దొరికినవి ఇంటికి తెచ్చుకోవచ్చు. కాస్త దూరమైనా సీజర్ క్రీక్ ఇంకా బాగుంటుంది, కానీ ముందు విజిటర్ సెంటర్‌లో పర్మిట్ తీసుకోవాలి. అక్కడ సుత్తి, ఉలి వాడనివ్వరు, అరచేతిలో పట్టేదే తీసుకెళ్లనిస్తారు. మ్యూజియం ఉన్న బూన్ కౌంటీలోనే బిగ్ బోన్ లిక్ పార్కు కూడా ఉంది. 1807లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ పంపితే విలియం క్లార్క్ వచ్చి మముత్, మాస్టోడాన్ అనే ఏనుగు లాంటి పాతకాలపు జంతువుల ఎముకలు తవ్వించిన చోటు. అదే రోజు మధ్యాహ్నం అటు వెళ్లొచ్చు. వాన పడిన మర్నాడు వెళ్తే శిలాజాలు బాగా బయటపడతాయి, కానీ వాలు జారుతుంది, పిల్లలకి మంచి గ్రిప్ ఉన్న బూట్లు వెయ్యి.