కాలు విరిగి కోలుకుంటున్నవారు క్రూయిజ్ ప్రయాణంలో రేవుల్లో దిగి చూడగలరా?

బైరాగిపట్టెడ టీచరు, తిరుపతి:

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని, వయసు 62. పదకొండు వారాల కిందట మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతూ, మెట్లన్నీ అయిపోయాయనుకుని అడుగు వేశాను. ఇంకొక మెట్టు మిగిలి ఉంది. కుడి చీలమండ రెండు చోట్ల విరగడంతో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి, మోకాళ్ల పర్వతం దగ్గర కూడా కూర్చోకుండా కొండకు చేరిన దానిని సొంత ఇంటి మెట్ల మీద పడ్డానంటే నవ్వనివారు లేరు.

ఇప్పుడు వాకర్ మానేసి చేతికర్రతో నడుస్తున్నాను. మా ఇంటి నుంచి వీధి మలుపులోని పాల బూత్ వరకు వెళ్లి రాగలను. రానూపోనూ కలిపి నాలుగు వందల మీటర్లు ఉంటుందేమో. ఆ తరువాత కాలు వాస్తుంది. ఈ ప్రమాదానికి ముందే సింగపూర్‌లో ఉన్న మా అబ్బాయి మా అందరికీ ఓడ టికెట్లు తీసుకున్నాడు. జనవరిలో సింగపూర్‌లో ఎక్కి మలేషియాలోని పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూర్‌కే రావాలి. డాక్టరు గారు ప్రయాణానికి అభ్యంతరం లేదన్నారు కానీ, రేవుల సంగతి ఆయనకు తెలియదు కదా.

అబ్బాయి నన్ను ఓడలోనే ఉండిపొమ్మంటున్నాడు, కోడలు చక్రాల కుర్చీ తీసుకుందామంటోంది, మావారు ప్రయాణమే మానుకుందామంటున్నారు. నాకు మాత్రం మూడు చోట్లా దిగాలని ఉంది. దిగలేని చోట నాకు కాపలాగా వాళ్లు ఓడలో కూర్చోవడం నాకు సమ్మతం కాదు. ఇటువంటి స్థితిలో వెళ్లివచ్చినవారు ఎవరైనా ఉంటే, ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో దయచేసి చెప్పగలరు.

కట్టమంచి వాసి, చిత్తూరు:

టీచరు గారికి నమస్కారం. మోకాలి మార్పిడి అయిన నాలుగో నెలలో నేను సరిగ్గా ఈ మార్గంలోనే వెళ్లాను కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసినది ఊరి గురించి కాదు, ఓడ ఆ ఊరి గట్టుకు ఆనుకుని నిలుస్తుందా, లేక సముద్రంలో లంగరు వేసి చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తుందా అన్నది. ఆ చిన్న పడవలను టెండర్లు అంటారు. మా ఓడ పోర్ట్ క్లాంగ్‌లోనూ పెనాంగ్‌లోనూ గట్టుకే చేరింది. ఫుకెట్‌లో మాత్రం పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసింది. టెండరులోకి దిగేటప్పుడు ఓడ ఒక లెక్కన, పడవ ఇంకొక లెక్కన ఊగుతుంటాయి. సిబ్బంది రెండు చేతులూ పట్టుకున్నా, మధ్యలో ఉన్న ఆ జానెడు సందును మన కాలితో మనమే దాటాలి. అలలు ఎక్కువగా ఉన్న రోజున చక్రాల కుర్చీలో ఉన్నవారిని పడవలోకి రానివ్వరు, ఆ నిర్ణయం అప్పటికప్పుడే జరుగుతుంది. మీరు వెళ్లేది జనవరి కాబట్టి అండమాన్ సముద్రం వానాకాలంలో కంటే నెమ్మదిగానే ఉంటుంది. అయినా ఫుకెట్‌ను దొరికితే దొరికినట్టు అనుకోవడమే మంచిది. నేను దిగలేదు, అందుకు చింతించనూ లేదు.

పోర్ట్ క్లాంగ్ విషయంలో చాలామంది పొరబడతారు. ఓడవారి ప్రయాణ పట్టికలో కౌలాలంపూర్ అని రాసి ఉంటుంది కానీ ఆ నగరం రేవు నుంచి రోడ్డు మీద గంటకు పైగా ప్రయాణం. మనవాళ్లంతా బతు గుహల సుబ్రహ్మణ్యస్వామి కోసమే వెళతారు. అక్కడ 272 మెట్లున్నాయి. తిరుమల నడిచిన వారికి అది లెక్కలోనిది కాకపోయినా ఆ మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, పైగా కోతుల బెడద. నేను మెట్ల జోలికి పోకుండా, 2006లో ప్రతిష్ఠించిన 140 అడుగుల స్వామి విగ్రహం కింద నిలబడి దండం పెట్టుకుని, ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిని, పైకి వెళ్లినవారు వచ్చేదాకా కూర్చున్నాను. ఆ దర్శనం నాకు తృప్తిగానే ఉంది. అయితే రానూపోనూ బస్సులో కాలు వేలాడేసి కూర్చోవడం వల్ల మరునాటికి మోకాలు బిగిసిపోయింది. అందుకని మీ కాలికి ఈ మూడింటిలో ఒక్క రేవును ఎంచుకొమ్మంటే నేను పెనాంగ్ పేరే చెబుతాను.

పెనాంగ్‌లో ఓడ నిలిచేది అక్కడి ముఖ్య నగరం జార్జ్‌టౌన్ నడిబొడ్డునే. స్వెటెన్‌హామ్ రేవు దాటగానే గడియార స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి అరవై ఏళ్ల పాలనకు గుర్తుగా ఏడాదికి ఒక అడుగు చొప్పున 60 అడుగులు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు బాంబుల ధాటికి అది కాస్త ఒరిగి ఉంటుంది, ఆ రోజు నేను కూడా అలాగే ఒరిగి నడుస్తున్నాను. దాని పక్కనే కార్న్‌వాలిస్ కోట, ఆ వెనుక సముద్రపు ఒడ్డున చదునైన దారి ఉన్నాయి. అలసిపోతే పదిహేను నిమిషాల్లో మీ గదిలో పడుకోవచ్చు. గాయపడినవారికి ఇంతకు మించిన సౌకర్యం ఇంకేముంటుంది?

ఇంకొక మాట. ఓడవారు ఇచ్చే చక్రాల కుర్చీ ఎక్కడానికీ దిగడానికీ మాత్రమే. దానిని ఊళ్లోకి తీసుకువెళ్లనివ్వరు. మీ సొంత మడత కుర్చీని వెంట తీసుకువెళ్లండి, విమాన సంస్థలు సాధారణంగా దానికి రుసుము తీసుకోవు. విహారయాత్రల పట్టికలో ‘సులువైన నడక’ అని రాసినంత మాత్రాన నమ్మవద్దు. నేను అలా నమ్మి వెళ్లిన ఒక యాత్రలో మొదటి అరగంటలోనే నలభై మెట్లు ఎదురయ్యాయి. అడిగితే, నడక సులువేనని, మెట్లు వేరని ఆ గైడు నాకే నచ్చజెప్పాడు. ఎన్ని మెట్లు, బస్సులోకి ఎక్కే మెట్టు ఎంత ఎత్తు, ఎంతసేపు నిలబడాలి అని విడివిడిగా అడగండి. ఓడవారి యాత్రకు వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంత టాక్సీలో వెళ్తే ఆగదు. కాబట్టి దూరపు చోటికి వారి బస్సులో, దగ్గరి చోటికి మీ ఇష్టప్రకారం వెళ్లడం మేలు.

ఫిజియోథెరపిస్టు, తిరుపతి:

కట్టమంచి గారు దారి చెప్పారు కాబట్టి నేను కాలి గురించి మాత్రమే చెబుతాను. మీ డాక్టరు గారు ‘ప్రయాణం చేయవచ్చు’ అన్నది చాలదు. ఆ కాలి మీద పూర్తి బరువు మోపవచ్చునా, ఎంతసేపు నిలబడవచ్చు అన్నది ఆయన చేత రాయించుకోండి. ఇక్కడి నుంచి చెన్నైకి కారులో మూడు గంటలకు పైగా, అక్కడి నుంచి విమానంలో సుమారు నాలుగు గంటలు కాళ్లు కదలకుండా కూర్చోవడం వల్ల పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆపరేషన్ జరిగి మూడు నెలలు నిండని వారికి అది ఇంకాస్త ఎక్కువ. మందు అవసరమా కాదా అన్నది ఆయనే తేల్చాలి. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెడితే, లేదా ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.

మీకు గాయమైనది కుడికాలు గనుక కర్ర ఎడమచేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. ఓడ నడవాల్లో రెండువైపులా పట్టుకమ్మీలుంటాయి కాబట్టి కుడిచెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోండి, చేతిసంచి మెడలో వేసుకోండి. ఓడకూ గట్టుకూ మధ్య వేసే గ్యాంగ్‌వే వాలు సముద్రపు ఆటుపోట్లతో మారుతుంది: ఉదయం దిగేటప్పుడు చదునుగా ఉన్నది సాయంత్రానికి ఎక్కుడుగా మారవచ్చు. రేకులు కలిసే చోట సన్నని గాడి ఉంటుంది, కర్ర కొన అందులోనే చిక్కుకుంటుంది. కర్ర అడుగున ఉన్న రబ్బరు తొడుగు అరిగి నున్నబడితే తడి నేల మీద సబ్బు బిళ్లలా జారుతుంది. బయలుదేరేలోపు దానిని తప్పక మార్పించండి.

సాయంత్రం వాపు రావడం సహజమే, కొందరికి నెలల తరబడి ఉంటుంది. మరుసటి ఉదయానికి తగ్గితే ఆ నడక మీకు సరిపోయినట్టు, తగ్గకపోతే ఆ రోజు అందులో సగమే నడవాలి. పటాంగ్ ఇసుకలో మాత్రం దయచేసి నడవవద్దు. అడుగు ఎటు కుంగుతుందో తెలియని ఇసుక, ఇప్పుడిప్పుడే అతుకుతున్న చీలమండకు పెద్ద శత్రువు.

కొర్లగుంట కోడలు, తిరుపతి:

అమ్మా, మీ కోడలి తరఫున నేను రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే మా అత్తగారి కుర్చీని జార్జ్‌టౌన్‌లో తోసినదానిని నేనే. అక్కడి పాత దుకాణాల ముందు ఐదడుగుల వెడల్పున కప్పు ఉన్న నడవాలుంటాయి. ఎండలో అవి చూడడానికి ఎంతో హాయిగా ఉంటాయి గానీ, ఒక దుకాణం నేల ఇంకొక దుకాణం నేలతో కలవదు. ప్రతి పది అడుగులకూ ఒక మెట్టు దిగాలి లేదా ఎక్కాలి, మధ్యలో ఎవరిదో మోటారు సైకిలు నిలిపి ఉంటుంది. ఆ నడవాను నమ్ముకుని బయలుదేరిన మేము చివరకు రోడ్డు మీద వాహనాల పక్కనే తోసుకుంటూ వెళ్లాం. క్వీన్ వీధిలోని మహామారియమ్మ గుడి 1833 నాటిది, చిన్నది, మీరు తప్పక చూడాలి. అయితే అక్కడికి టాక్సీలో వెళ్లండి. గుడి దగ్గర చెప్పులు విడవాలి కదా, మీరు చీలమండకు పట్టీ ఉన్న బూటు వేసుకుంటే అది విప్పడానికీ తొడగడానికీ కూర్చునే చోటు ముందే చూసుకోండి. మా అత్తగారు ఒంటికాలి మీద నిలబడి నా భుజం పట్టుకున్నారు, ఇద్దరం పడబోయాం.

ఇంకొక సంగతి గది గురించి. ఓడలో మామూలు గదుల స్నానాలగదికి మన ఇంటి సింహద్వారానికి ఉన్నట్టు ఎత్తైన గడప ఉంటుంది. రాత్రి నిద్రమత్తులో లేచినప్పుడు రేవుల్లోని ఏ మెట్టుకన్నా అదే ప్రమాదం. గడప లేని గదులు కొన్ని ఉంటాయి, అవి త్వరగా అయిపోతాయి, ఇప్పుడే అడిగించండి. ఓడ రేవు చేరగానే లిఫ్టుల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి ఒక గంట ఆగి దిగండి. అందరూ దిగిపోయాక ఓడ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మా అత్తగారు ఇప్పటికీ చెబుతుంటారు. ఫుకెట్ రోజున ఆవిడ ఉండిపోతానన్నప్పుడు మేము బాధపడ్డాం; తిరిగి వచ్చేసరికి ఆవిడ పై డెక్కు మీద కాళ్లు చాపుకుని, కాఫీ తాగుతూ, మమ్మల్ని చూసి అప్పుడే వచ్చేశారేమని అడిగారు.

బైరాగిపట్టెడ టీచరు, తిరుపతి:

ఇంత ఓపికగా రాసినందుకు మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. గడప మాట చదివిన వెంటనే అబ్బాయికి ఫోను చేశాను. మా గదికి గడప ఉందట. మార్చమని ఓడవారికి రాశాడు, ఇంకా జవాబు రాలేదు. పెనాంగ్‌లో దిగుతాను. పోర్ట్ క్లాంగ్ నుంచి బతు గుహలకు వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. స్వామి విగ్రహం కింద నుంచే కనిపిస్తుందని విన్నాక మావారు కూడా మెత్తబడ్డారు. ఫుకెట్‌లో నేను ఓడలోనే ఉంటాను, వాళ్లు ముగ్గురూ తప్పక దిగాలని నా షరతు.

నిన్న సాయంత్రం తెలిసినవారింటి మడత కుర్చీ తెచ్చి, పాల బూత్ దాకా మావారి చేత తోయించుకున్నాను. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందు చక్రాలు ఆగిపోయి నేను ముందుకు తూలాను. ఎదురింటి అబ్బాయి వచ్చి, కుర్చీని వెనక్కు తిప్పి పెద్ద చక్రాలు ముందుగా దాటించాలని చూపించాడు. మావారు ఆ స్పీడ్ బ్రేకర్ మీదే నాలుగుసార్లు అభ్యాసం చేశారు, నేను పాల ప్యాకెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.