అప్‌డేట్: పాత ఫ్లై రీల్‌లో లైన్ చిక్కుపడే సమస్య తీరింది

చేపల గాలపు దారాన్ని (లైన్‌ను) చుట్టి ఉంచే నా పాత హార్డీ లైట్‌వెయిట్ రీల్‌లో లైన్‌ను కాస్త గట్టిగా లాగగానే స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) అదుపు తప్పి తిరిగి లైన్ చిక్కుపడుతోందనీ, చుట్టేటప్పుడు మాత్రం బిగువుగా ఉంటోందనీ, స్ప్రింగు మార్చాలా అనీ క్రితం నెల అడిగాను. స్ప్రింగు నిక్షేపంగా ఉంది, తప్పు నాదే.

స్పూల్ వెనుకనున్న పళ్ల చక్రానికి ఆనుకొని టిక్కుటిక్కుమనే త్రికోణపు పాల్‌ను, శుభ్రం చేశాక నేను తిరగేసి బిగించాను. దాని రెండు పక్కలు ఒకేలా ఉండవు కనుక, లైన్ బయటికి పోయేటప్పుడు పడవలసిన అధిక బిగువు చుట్టేటప్పుడు పడుతూ వచ్చింది. అలాంటప్పుడు సర్దుబాటు మరను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

పాల్‌ను తీసి చూస్తే దాని కింద పాత గ్రీజు జిగురులా గట్టిపడి ఉంది. దానిని లైటర్ పెట్రోలులో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఇరుసుకు ఒక్క చుక్క పలుచని నూనె, చక్రం పళ్లకు గోటి కొనంత గ్రీజు పూసి, పాల్‌ను సరైన వైపుకు తిప్పి అమర్చాను. ఇప్పుడు లైన్‌ను జర్రున లాగి ఆపితే స్పూల్ కూడా ఆగుతోంది. బిగువును మాత్రం కనిష్ఠానికి దగ్గరగానే ఉంచాను; పెద్ద చేపను ఆపడానికి స్పూల్ అంచున అరచేయి ఆనించడమే నాకు నచ్చిన పద్ధతి. విప్పే ముందు ఫొటో తీసుకోమని సలహా ఇచ్చిన మిత్రునికి కృతజ్ఞతలు, ఆలస్యంగానైనా.