ఆలవాలం అంటే నిలయమేనా?

ప్రశ్న: "ఆమె సకల సద్గుణాలకు ఆలవాలం" అని రాస్తే ఒకరు "నిలయం అంటే సరిపోయేదిగా" అన్నారు. రెండూ ఒకటేనా అండి?

జవాబు: నా లెక్కలో ఒకటి కాదండి. చెట్టు మొదట్లో నీళ్లు నిలవడానికి చేసే పాదునే సంస్కృతంలో ఆలవాలం అంటారు. నివాసం, ఆధారం అనే అర్థాలు దాని మీద పుట్టినవే. ఒక పైన్ మొక్కను పెంచుతూ ఉండగా ఈ మాట నాకు బాగా దగ్గరైంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

జానెడు మొక్కను కుండీలోంచి తీసి నేలలో నాటినా, కొన్నాళ్లపాటు దాని వేళ్లు ఆ పాత మట్టిముద్దలోనే ఉంటాయి. చుట్టుపక్కల నేల ఎంత తడిసినా ముద్ద పొడిగా ఉంటే మొక్కకు దక్కేది చాలా తక్కువ. అందుకని ముద్ద అంచుకు కొంచెం అవతల, నాలుగు వేళ్ల ఎత్తున మట్టితో గట్టు వేస్తాం. పోసిన నీరు పక్కకు పారిపోకుండా ఆగి, మెల్లగా వేళ్లకు ఇంకుతుంది.

సతతహరిత మొక్కకు ఇది మరీ అవసరం. ఆకులన్నీ రాల్చేసి ఊరుకునే కాలం దానికి లేదు, చలికాలంలోనూ ఆకుల నుంచి ఎంతో కొంత నీరు పోతూనే ఉంటుంది. పైగా దాహం బయటికి చెప్పదు. మెత్తటి ఆకుల మొక్క వాడిపోయి చూపిస్తుంది. పైన్ ఆకులు వేరు ఎండిపోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తాయి. మొదటి మొక్కను నేను అలాగే పోగొట్టుకున్నాను. పచ్చగానే ఉందిలే అని నీళ్లు పోయలేదు. ఒకరోజు అనుమానం వచ్చి కాండాన్ని గోరుతో గీరితే, లోపల ఉండాల్సిన పచ్చటి పొర లేదు, గోధుమరంగు పుల్ల తేలింది. ఇప్పుడు ఆకును నమ్మను. పాదులో రెండు కణుపుల లోతుకు వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నిండా పోస్తాను.

ఇక మాట సంగతి. నిలయం అంటే ఉండే చోటు, అంతే. ఆలవాలంలో పోషణ ఉంది. "సద్గుణాలకు ఆలవాలం" అంటే ఆమె దగ్గర అవి పెరుగుతున్నాయని కూడా చెప్పినట్టు. మీ వాక్యాన్ని మార్చకండి. "అవినీతికి ఆలవాలం" అన్నా నాకు అభ్యంతరం లేదు, అక్కడ ఎవరో దానికి నీళ్లు పోస్తున్నారనే కదా ఆరోపణ! "దుమ్ముకు ఆలవాలం" అంటే మాత్రం ఒప్పుకోలేను.

మరో సభ్యురాలు: పాదుకొల్పడం కూడా ఈ పాదేనా? మా మొక్క పాదులో వాననీళ్లు నిలిచిపోతున్నాయి, అది చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అవునమ్మా, ఆ పాదే. తీగలకైతే గుంట పేరు మొక్కకే వచ్చేసింది చూడండి: బీరపాదు, కాకరపాదు. వాన పడుతున్నన్నాళ్లు గట్టుకు ఒకవైపు గండి కొట్టి నీరు పోనివ్వండి. నీళ్లు నిలిచిన మట్టిలో వేళ్లకు గాలి అందక కుళ్లుతాయి. తీసిన మట్టిని కాండం మీదికి ఎగదోయకండి. వానలు తగ్గాక గండి పూడ్చేటప్పుడు గట్టును పాత చోట వేయకుండా, కొమ్మల చివర్లు ఎక్కడిదాకా సాగాయో చూసి అక్కడికి జరపండి.