రేటు తగ్గించామంటారు, బిల్లు పెరుగుతుంది: టెక్సాస్‌లో సిటీ ఖర్చుకు పగ్గం వేయడం ఎలా?

ప్రశ్న (పన్నుదారు_టీఎక్స్):
మా సిటీ కౌన్సిల్ ప్రాపర్టీ టాక్స్ రేటును వంద డాలర్లకు 45 సెంట్ల నుంచి 43 సెంట్లకు తగ్గించబోతోందట. ఇంటి టాక్సబుల్ విలువేమో 5,00,000 డాలర్ల నుంచి 5,40,000కి ఎక్కింది. అంటే సిటీ వాటా 2,250 డాలర్లు ఉన్నది 2,322 అవుతుంది. దీన్ని తగ్గింపు అని ఎలా అంటారు? సిటీ పన్ను రాబడి పెంపు 3.5 శాతం దాటితే ఓటర్లనే అడగాలని 2019లో చట్టం తెచ్చారు కదా, అది ఏమైనట్టు? ప్రభుత్వం తన పనికి మించి పెరగకూడదు అనుకునేవాడిని. నినాదాలతో పని లేదు, ఓటింగ్‌లోపు ఏ కాగితం చూడాలో, ఎవరిని ఏం అడగాలో చెప్పండి. ఇంకా సిటిజన్‌షిప్ రానివాళ్లు ఇందులో ఏమైనా చేయగలరా?

లెక్కలమాస్టారు:
రేటును పోయినేటి రేటుతో పోల్చి చూడకండి, "నో న్యూ రెవెన్యూ రేటు"తో పోల్చండి. పోయినేడు పన్ను కట్టిన ఆస్తుల మీదే ఈ ఏడూ అంతే డబ్బు రావాలంటే ఎంత రేటు సరిపోతుందో చెప్పే అంకె అది. ఊరంతా విలువలు సగటున 8 శాతం పెరిగాయనుకుంటే 45ని 1.08తో భాగించండి, సుమారు 41.67 సెంట్లు. 43 దానికంటే 3.2 శాతం ఎక్కువ. అంటే ఇది పెంపే. కొత్తగా కట్టిన ఇళ్లు ఈ లెక్కలోకి రావు కాబట్టి వాటి పన్ను సిటీకి అదనం. జనాభా పెరిగింది, ఖర్చు పెరిగింది అని కౌన్సిల్ అన్నప్పుడు ఈ అదనం ఎంతో అడగాలి.

పెంపును పెంపు అని ఒప్పించే నిబంధన చట్టంలోనే ఉంది. నో న్యూ రెవెన్యూ రేటు దాటితే తీర్మానం పెట్టే సభ్యుడు "పన్ను రేటు పెంచాలని ప్రతిపాదిస్తున్నాను" అని, ఎంత శాతమో నోటితో చెప్పాలి. ఎవరు ఎటు ఓటేశారో రికార్డు కావాలి, మొత్తం సభ్యుల్లో 60 శాతం ఒప్పుకోవాలి. ఏడుగురి కౌన్సిల్‌లో అయిదు ఓట్లన్నమాట, ముగ్గురు అడ్డం తిరిగితే ఆగిపోతుంది. గడువులోపు ఏ రేటూ పాస్ కాకపోతే నో న్యూ రెవెన్యూ రేటు, పాత రేటు రెండింట్లో తక్కువదే అమలవుతుంది. అందుకే ఏడుగురినీ బతిమాలక్కర్లేదు. ఊగిసలాడే ముగ్గుర్ని పట్టుకోండి.

2025 సెప్టెంబర్ 1 నుంచి బడ్జెట్ మీటింగ్ నోటీసు మూడు పనిదినాల ముందు పెట్టాలి. మధ్యస్థ విలువ ఇంటికి ఇప్పటి బిల్లెంత, ప్రతిపాదిత బడ్జెట్‌తో ఎంత, నో న్యూ రెవెన్యూ రేటుతో ఎంత అన్న పోలిక కూడా అందులో ఉండాలి. ముందు ఆ పేజీ చదవండి.

అప్పులచిట్టా:
పై సమాధానం సరైనదే కానీ అసలు కన్నం ఇంకోచోట ఉంది. రేటులో రెండు భాగాలుంటాయి: రోజువారీ నిర్వహణకు ఎం అండ్ ఓ, అప్పు తీర్చడానికి ఐ అండ్ ఎస్. 3.5 శాతం హద్దు మొదటిదానికే. అదీ ఒక్కో ఇంటి బిల్లు మీద కాదు, సిటీ మొత్తం రాబడి మీద. పైగా ఒక ఏడు హద్దు కంటే తక్కువ పెంచితే మిగిలినదాన్ని తర్వాతి ఏళ్లలో వాడుకునే వీలూ ఉంది.

ఇక ఏం చేస్తారంటే, నిర్వహణ ఖాతాలోంచి కొనాల్సిన వాహనాలు, పరికరాలను అప్పు ఖాతాకి తోస్తారు. నిర్వహణలో చోటు ఖాళీ అవుతుంది, హద్దు దాటినట్టూ కనిపించదు. దీనికి వాడే సాధనం సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్లిగేషన్ అనే అప్పు పత్రం. బాండ్లకైతే ఓటర్ల ముందుకు వెళ్లాలి, దీనికి అక్కర్లేదు, ఆమోదానికి 45 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. నా దృష్టిలో రేటులో రెండు సెంట్ల గొడవ కన్నా ఆ నోటీసు మీద కన్నేసి ఉంచడం ముఖ్యం.

ఆపే దారి పిటిషన్. ఆమోదం కంటే ముందు రిజిస్టర్డ్ ఓటర్లలో 5 శాతం సంతకాలు అందితే ఎన్నికలో ఓటర్లు ఒప్పుకోకుండా ఆ అప్పు తీసుకోలేరు. 60,000 మంది ఓటర్లుంటే 3,000 సంతకాలు. కానీ 3,000తో ఆగితే మునిగినట్టే, తిరస్కరణలకు మార్జిన్ పెట్టుకుని నాలుగు వేలైనా సేకరించండి. ఎక్కువగా కొట్టేసేది ఇందుకే: పుట్టిన తేదీ గానీ ఓటరు నంబరు గానీ లేకపోవడం, సంతకం చేసిన తేదీ రాయకపోవడం, ఇంటి అడ్రసు లేకపోవడం, మనిషి సిటీ హద్దు బయట ఉండటం. పోస్టల్ అడ్రసులో సిటీ పేరున్నా ఇల్లు హద్దు బయట ఉండొచ్చు, మ్యాప్ చూసుకోండి. 180 రోజులు దాటిన సంతకమూ చెల్లదు.

మధ్యేమార్గం:
నేనూ పొదుపు పక్షమే, కానీ ఒక మాట. చాలా సిటీల జనరల్ ఫండ్‌లో (రోజువారీ ఖర్చుల ప్రధాన ఖాతాలో) పెద్ద ముక్క పోలీసు, ఫైర్ జీతాలే. "పది శాతం కోయండి" అని మైకులో అరిస్తే సిటీ మేనేజర్ ముందుగా చూపించేది ఆ కోతే, హాలంతా ఆయన వైపు తిరిగిపోతుంది. పేరు పెట్టి లైన్ ఐటెమ్ (ఫలానా ఖర్చు పద్దు అని) చూపించండి. దానికి సిటీ రికార్డులు అడిగే హక్కునిచ్చే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం ఉంది. ఈమెయిల్ చేస్తే సిటీ ప్రకటించిన అడ్రసుకే చేయాలి, ఇంకెవరికో పంపితే గడువు లెక్క మొదలవ్వదు.

"ఎందుకింత ఖర్చు పెట్టారు?" అని రాయకండి. ప్రశ్నలకు జవాబు చెప్పే బాధ్యత వాళ్లకు లేదు, ఉన్న రికార్డు ఇవ్వడమే. "2024 అక్టోబర్ నుంచి 2025 సెప్టెంబర్ వరకు వెండర్లకు చేసిన చెల్లింపుల జాబితా, ఎక్సెల్ ఫైలుగా" అని రాయండి. సిటీ ఏదైనా దాచాలనుకుంటే పది పనిదినాల్లో అటార్నీ జనరల్‌ని అడగాలి. ఖర్చు 40 డాలర్లు దాటితే ముందుగా అంచనా పంపుతారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఆ అంచనాకి పది పనిదినాల్లో బదులివ్వకపోతే రిక్వెస్ట్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి.

పన్నుదారు_టీఎక్స్:
మాస్టారూ, అందరికీ థాంక్స్. సిటిజన్‌షిప్ సంగతి ఎవరూ చెప్పలేదు. రీకాల్ (గెలిచినవాళ్లను పదవీకాలం మధ్యలో ఓటుతో దించడం) పెట్టొచ్చా అన్నది కూడా.

అప్పులచిట్టా:
రీకాల్ హోమ్ రూల్ సిటీల్లో (సొంత చార్టర్, అంటే సొంత నియమావళి ఉన్నవాటిలో), అదీ ఆ చార్టర్‌లో రాసి ఉంటేనే. స్కూల్ బోర్డుకూ రాష్ట్ర పదవులకూ లేదు. అన్నట్టు మీ బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే అయ్యుంటుంది. దాని ఫార్ములా వేరు, ఈ 3.5 దానికి వర్తించదు. స్కూల్ బాండ్ బ్యాలెట్ మీద మాత్రం "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని ఇంగ్లిష్‌లో పెద్దక్షరాల్లో ఉంటుంది.

హెచ్1బీ, గ్రీన్‌కార్డు వాళ్లు రికార్డులు అడగొచ్చు, విలువ మీద ప్రొటెస్ట్ వేయొచ్చు, ఎజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడొచ్చు. కౌన్సిల్‌ని విమర్శించారని మైకు ఆపడానికి వీల్లేదు. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలు అనువాదకుడి ద్వారా మాట్లాడితే కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. పిటిషన్ మీద మాత్రం సంతకం పెట్టొద్దు, అది ఓటర్లకే. సంతకాలు సేకరించేచోట ఎవరైనా ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం చేతిలో పెడితే నింపొద్దు. సిటిజన్‌నని పొరపాటున టిక్ పెట్టినా ఇమ్మిగ్రేషన్ కేసు చిక్కుల్లో పడుతుంది.