కీట్స్ పద్యంలో ‘స్టౌట్ కోర్టెజ్’: స్టౌట్ అంటే లావు అనేనా?

ప్రశ్న:
ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ 1816లో రాసిన సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) ఒకటి మాకు డిగ్రీలో పాఠ్యాంశం. గ్రీకు మహాకవి హోమర్‌కు చాప్‌మన్ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని చదివినప్పటి అనుభూతిని చెప్పే ఆ పద్యం చివర, పసిఫిక్ సముద్రాన్ని డేగచూపుతో చూస్తున్న స్పెయిన్ సేనాని కోర్టెజ్‌ను కవి ‘స్టౌట్’ అన్నారు. నా దగ్గరున్న చిన్న నిఘంటువు లావైన, స్థూలమైన అనే అర్థాలే ఇస్తోంది. అంత గంభీరమైన ఘట్టంలో ఒంటి లావు ప్రసక్తి ఎందుకు వచ్చింది? ఈ మాటను ఇప్పుడు మనుషుల గురించి వాడవచ్చునా?

జవాబు 1:
అక్కడ లావుకు సంబంధం లేదు. ధీరుడు, చెక్కుచెదరనివాడు అని అర్థం. పాత ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ మాటకు గర్వం, శౌర్యం అనే అర్థాలుండేవి. తరువాత అది బలమైన, దిట్టమైన వస్తువులకూ వ్యాపించి, చివరకు లావుపాటి దేహానికి మర్యాదైన పేరుగా స్థిరపడింది. పాత అర్థం నేటికీ పోలేదు: గట్టి తాడు, మందమైన బూట్లు, పట్టు వదలని ప్రతిఘటన, అన్నీ స్టౌట్ అనిపించుకుంటాయి. పక్షుల పుస్తకాల్లో మందపాటి ముక్కునూ అలాగే వర్ణిస్తారు. స్టౌట్ అనే బీరుకు ఆ పేరు వచ్చింది కూడా ఘాటును బట్టే. అన్నట్టు, 1513లో పనామాలోని డేరియన్ నుండి ఆ సముద్రాన్ని చూసిన స్పెయిన్ నాయకుడు బాల్బోవా, కోర్టెజ్ కాదు; అయినా పద్యం శక్తి తగ్గదు.

జవాబు 2:
వాడుక గురించి నేను చెబుతాను. ఎక్కువగా నడివయసు దాటిన, భారీగా ఉన్న మనిషిని ‘ఫ్యాట్’ అనకుండా సున్నితంగా చెప్పడానికి దీన్ని వాడతారు. పొట్టిగా, వెడల్పైన భుజాలతో దృఢంగా ఉండేవారికి ‘స్టాకీ’, హుందాతనం ఉట్టిపడే పెద్దవయసు పురుషుడికి ‘పోర్ట్‌లీ’ సరిపోతాయి. బొద్దుగా ఉన్న పసిపిల్లలకు ‘చబ్బీ’ అనాలి. మనలో చాలాకాలానికి కనిపించిన బంధువును ‘కాస్త ఒళ్లు చేశారు’ అని ఆప్యాయంగా అనడం ఉంది గాని, అదే ఉద్దేశంతో ఇంగ్లీషులో ఎదుటివారిని స్టౌట్ అంటే నొచ్చుకుంటారు. కాబట్టి కథలోని పాత్రను వర్ణించడానికే ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అయితే నవలలో యాభై ఏళ్ల స్త్రీని అలా వర్ణిస్తే ‘స్థూలకాయురాలు’ అని అనువదించవచ్చునా?

జవాబు 2:
అది వైద్యుడి మాటలా బరువుగా వినిపిస్తుంది. ‘ఒళ్లున్న మనిషి’ అంటే చాలు. కోర్టెజ్‌కు మాత్రం ‘ధీరుడైన’ అని రాయండి.