"గొడుగుకన్న తల్లి కొంగు మేలు": పాడేటప్పుడు ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: మా బడి పిల్లలు రాసిన పద్యాలకు సొంతంగా బాణీలు కట్టి వార్షికోత్సవంలో బృందగానంగా పాడించాలని సంకల్పించాము. ఎనిమిదో తరగతి అమ్మాయి రాసిన ఈ ఆటవెలది దగ్గర పని ఆగిపోయింది.

వాన కురిసి మొన్న వాకిలి తడిసింది
పుస్తకాల సంచి పొదివి పట్టి
పరుగు పరుగు వచ్చి పంచలో నిలుచుంటి
గొడుగుకన్న తల్లి కొంగు మేలు

చివరి పాదం పాడినప్పుడల్లా విన్నవారికి "గొడుగు, కన్నతల్లి కొంగు" అని వినిపిస్తున్నది. పైగా మొదటి, మూడో పాదాలు తాళంలో నిలవడం లేదు. పెద్దలు దారి చూపగలరు.

జవాబు: అమ్మా, ముందుగా ఆ అమ్మాయికి నా ఆశీస్సులు అందజేయండి. నాలుగు పాదాలలోనూ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పొంతన, కుదిరింది. చివరి పాదంలో "గొ"కు "కొ"తో యతి చెల్లుతుందని గుర్తించి, దానికి తగిన మాటను తెచ్చుకోవడం ఆ వయసులో సామాన్యమైన విషయం కాదు. అటువంటి పద్యానికి బాణీ కట్టేటప్పుడు పద్యం కోసం బాణీ మారాలి గాని, బాణీ కోసం పద్యం మారకూడదని నా నిశ్చితాభిప్రాయం.

తాళం సంగతి మొదట చూద్దాము. లఘువుకు ఒక మాత్ర (హ్రస్వాక్షరం పలికేంత కాలం), గురువుకు రెండు. సూర్యగణాలైన నగణానికీ (మూడు లఘువులు) హగణానికీ (గురువు, లఘువు) మూడేసి మాత్రలే కనుక, అయిదు సూర్యగణాలుండే రెండో, నాలుగో పాదాలకు ఎప్పుడూ 15 మాత్రలే వస్తాయి. బేసి పాదాలలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు వస్తాయి. ఇంద్రగణాలలో నల, భ గణాలకు నాలుగు మాత్రలు, నగ, సల, ర, త గణాలకు అయిదు మాత్రలు ఉంటాయి కనుక, ఆ పాదాలు 17 నుంచి 19 మాత్రల దాకా ఎంతైనా కావచ్చు. ఈ పద్యంలో మొదటి పాదానికి 18, మూడో పాదానికి 19 వచ్చాయి. రంగస్థలం మీద పద్యం తాళానికి కట్టుబడకుండా రాగంలో సాగుతుంది గనుక అక్కడ ఈ హెచ్చుతగ్గులు అడ్డు రావు. నలభై గొంతులు ఒక్కటిగా పలకవలసిన బృందగానంలో తాళం లేకపోతే పిల్లలు చెదిరిపోతారు. అదే ఎవరైనా మూడు, నాలుగు మాత్రల విరుపుతో ముత్యాలసరం అనే ఛందస్సులో రాసి ఉంటే, ఏడు మాత్రల మిశ్రచాపు తాళంలో నేరుగా కూర్చోబెట్టవచ్చు.

మీ పద్యానికి తిశ్రగతి ఆదితాళం తీసుకొండి. ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) ఎనిమిది అక్షరకాలాలు (తాళపు లెక్కలు), ఒక్కొక్కదానికి మూడు మాత్రలు, మొత్తం 24 మాత్రలు. పాదానికి ఒక ఆవర్తం చాలు. సూర్యగణం ఒక్కొక్కటి ఒక అక్షరకాలంలో సరిగ్గా ఇముడుతుంది. ఇంద్రగణానికి రెండేసి అక్షరకాలాలు, అంటే ఆరు మాత్రలు ఇవ్వండి. అప్పుడు బేసి పాదం ఏడు అక్షరకాలాలలో ముగిసి, ఎనిమిదోది ఊపిరి తీసుకోవడానికి మిగులుతుంది. "పంచలో" అన్నప్పుడు చివరి అక్షరం దీర్ఘమే కనుక దానిని మరొక మాత్ర సాగదీసినా చెవికి ఇబ్బంది ఉండదు. "వాకిలి"లో మాత్రం ఆ పని చేయకూడదు. "వాకిలీ" అని సాగితే ఎవరో వాకిలిని పిలుస్తున్నట్టు ఉంటుంది. అక్కడ "లి"ని హ్రస్వంగానే పలికి, మిగిలిన రెండు మాత్రలు మౌనంగా వదిలివేయాలి. హ్రస్వాన్ని దీర్ఘం చేయడం కంటే దాని పక్కన విరామం ఉంచడమే తెలుగు మాటకు క్షేమం. రెండో పాదంలో "పుస్తకాల" అన్న మాట రెండు గణాల మీద విరిగింది కనుక "పుస్త" దగ్గర ఎవరూ గాలి పీల్చకుండా చూడండి.

సరి పాదాలు అయిదు అక్షరకాలాలకే ముగిసి, మూడు మిగులుతాయి. అందులో రెండింటిని రెండో వరుస పిల్లలకు ఇచ్చి "పొదివి పట్టి", "కొంగు మేలు" అని మళ్ళీ పలికించండి. ఆటవెలది తనంతట తాను మనకు ఇచ్చిన చోటు అది. వాద్యంతో నింపడం కంటే పిల్లల గొంతులతో నింపడమే నాకు ఇష్టం.

ఇక మీ అసలు ప్రశ్న. ఇక్కడ "కన్న" అన్నది "కంటె" అన్న అర్థంలో వచ్చిన విభక్తి ప్రత్యయం. ప్రత్యయం ముందున్న నామాన్ని అంటిపెట్టుకొని ఉండాలి. "గొడుగు" తరువాత స్వరం ఆగినా, పెద్ద దాటు వేసినా, అది నామాన్ని వదిలి "తల్లి"తో కలిసిపోతుంది. పోలిక కాస్తా మాయమవుతుంది. మోహన రాగంలో కడుతున్నారనుకుంటే, "గొడుగుకన్న" అన్న ఆరు మాత్రలనూ గాంధారం (గ) నుంచి పంచమం (ప) దాకా ఎడతెగకుండా నడిపి, "కన్న" చివర లిప్తపాటు ఆపి, "తల్లి"ని తారషడ్జమం (పై స) మీద ఎత్తుకొండి. "మేలు" అయిదో అక్షరకాలంలో, మొదటి ద్రుతం (మొదటి నాలుగు లెక్కల తరువాత వచ్చే రెండు లెక్కల భాగం) దెబ్బ మీద పడుతుంది కనుక ఆ మాటకు కావలసిన ఊనిక తాళమే ఇస్తుంది.

మరొక సభ్యుని సూచన: అయ్యా, ఇంత శ్రమ ఎందుకు? "గొడుగుకంటె తల్లి కొంగు మేలు" అని మార్చితే గణం చెడదు, యతి చెడదు, సందేహమూ ఉండదు కదా.

జవాబు: మీరన్నది నిజమే, "కంటె" కూడా హగణమే. అయినా నేను మార్చను. "కన్న" అన్నప్పుడు పోలిక స్పష్టంగా వినిపిస్తూనే, వెనకాల "కన్నతల్లి" అన్న మాట నీడలా నిలబడుతున్నది. ఆ అమ్మాయి తెలిసి వేసిందో, చేతికి వచ్చి వేసిందో గాని, పద్యంలోని ఆర్ద్రత అంతా అక్కడే ఉంది. "కంటె" వేస్తే అర్థం మిగులుతుంది, ఆ నీడ పోతుంది. మార్చాలా వద్దా అన్నది తేల్చవలసినది పద్యం రాసిన అమ్మాయి. రెండు పాఠాలనూ ఆమె ఎదుట పాడి వినిపించి, ఆమె కోరినదే సాధన చేయించండి.