డయలప్‌ని బ్యాకప్‌గా పెట్టుకోవడంలో ఇంకా అర్థం ఉందా?

పాతమోడెమ్:
ఇంట్లోంచే పని చేస్తాను. పోయిన నెల మా ఫైబర్ రెండు రోజులు పడుకుంది. హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామంటే వీధి వీధంతా దాని మీదే పడ్డట్టుంది, ఒక్క మెయిల్ కూడా కదల్లేదు. ల్యాండ్‌లైన్ ఇంకా ఉంది. అటక మీద 56కె మోడెమ్ ఒకటి ఉంది. చవకగా, నమ్మకంగా ఉండే డయలప్ కనెక్షన్ (ఫోన్ లైన్ మీద నంబరు డయల్ చేసి నెట్‌కి కలిసేది) తీసుకుని పక్కన పెట్టుకుందామని ఆలోచన. నాకు కావాల్సింది మెయిల్, సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు టైప్ చేయడం), అంతే. ప్రొవైడర్‌ని ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

చుక్కాని:
ఏ ప్రొవైడరైనా దండగేనండీ. సెకనుకు 56 కిలోబిట్లు అనేది అట్టపెట్టె మీది అంకె. మామూలు లైన్ మీద నలభై చిల్లర వస్తే గొప్ప, అంటే సెకనుకు సుమారు 5 కిలోబైట్లు. 2 మెగాబైట్ల పేజీ తెరుచుకోవడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. లాగిన్ పేజీ పూర్తిగా వచ్చేసరికి సెషన్ టైమ్ అయిపోతుంది. పైగా ఈ సర్వీసులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అమెరికాలో పేరుమోసిన ఏఓఎల్ అంతటిదే 2025 సెప్టెంబర్ 30న డయలప్ ఆపేసింది. వేరే నెట్‌వర్క్ ప్రీపెయిడ్ సిమ్ ఒకటి డ్రాయర్లో పడేసుకోండి, పని అయిపోతుంది.

రాత్రిడ్యూటీ:
చుక్కాని గారూ, ఆయన అడిగింది ఎస్‌ఎస్‌హెచ్ గురించి, మీరు చెబుతున్నది వెబ్ పేజీల గురించి. అక్షరాలు పంపుకోవడానికి 5 కిలోబైట్లు చాలా ఎక్కువ. నేను ఏళ్ల తరబడి అర్ధరాత్రి సర్వర్లు రీస్టార్ట్ చేసింది 33.6 మోడెమ్‌తోనే. టైప్ చేసిన అక్షరం కాస్త ఆలస్యంగా కనబడుతుంది, విసుగొస్తుంది, కానీ పని జరుగుతుంది.

పాతమోడెమ్ గారూ, నెల ఫీజు చూసి మురిసిపోకండి. వాళ్ల డయలింగ్ నంబరు మీ ఫోన్ ప్లాన్‌లో లోకల్ కాల్ కిందకి వస్తుందా అన్నది ముందు తేల్చుకోండి. రాకపోతే నిమిషాల లెక్కన అసలు బిల్లు ఫోన్ కంపెనీ వేస్తుంది. నంబర్లు కనీసం రెండు మూడు ఉండాలి. మీ ఫైబర్ పోయిన రోజే మీలాంటి వాళ్లందరూ డయల్ చేస్తారు, ఉన్న ఒక్క నంబరూ ఎంగేజ్ వస్తే ఆ కనెక్షన్ ఉన్నా లేనట్టే. బ్యాకప్‌కి అన్‌లిమిటెడ్ అక్కర్లేదు, నెలకు కొన్ని గంటల ప్లాన్ చాలు. వాళ్ల డయలర్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అంటే మాత్రం వదిలేయండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, నంబరు ఇస్తే ఏ సిస్టమ్ నుంచైనా మామూలు పీపీపీతో (డయలప్‌కి అందరూ వాడే పద్ధతి) కలిసేలా ఉండాలి. అయిదు రెట్లు వేగం అని అమ్మే యాక్సిలరేటర్ ఉందే, అదొక పెద్ద జోక్. బొమ్మల్ని నొక్కి చిన్నవి చేస్తుంది, అంతే. ఇప్పుడు సైట్లన్నీ దాదాపు హెచ్‌టీటీపీఎస్, అంటే తాళం వేసి పంపేవి కాబట్టి మధ్యలో దానికి నొక్కడానికి ఏమీ దొరకదు.

రాగితీగ:
టెలిఫోన్ లైన్ల పనిలో చాలాకాలం ఉన్నవాణ్ని. ఇద్దరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. ఆ ల్యాండ్‌లైన్ ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్స్ఛేంజ్ నుంచి రాగి జత నేరుగా వస్తుంటే అక్కడి బ్యాటరీల నుంచి 48 వోల్టులు దాని మీదే వస్తాయి, మీ ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పలుకుతుంది. (మోడెమ్‌కి, కంప్యూటర్‌కి మాత్రం యూపీఎస్ కావాలి. ఇది మర్చిపోయేవాళ్లు ఎంతమందో!) అలా కాకుండా ఫోన్ తీగ ఫైబర్ బాక్స్ వెనకాల గుచ్చి ఉంటే అది వాయిస్ ఓవర్ ఐపీ, అంటే గొంతు తునకలై ఇంటర్నెట్ మీదే వెళ్తుంది. మనిషి గొంతులో చిన్న తునక పోయినా చెవి సర్దుకుంటుంది, మోడెమ్ సర్దుకోదు, లైన్ తెగుతుంది.

రాత్రిడ్యూటీ:
గొంతును కంప్రెషన్ లేకుండా పంపే జీ.711 పద్ధతి అయితే వేగం తగ్గించి కలిపిన సందర్భాలు ఉన్నాయండీ. మరీ అసాధ్యమేం కాదు.

రాగితీగ:
కలుస్తుంది, కాదనను. కానీ ఫైబర్ తెగిన రోజు దేని మీద కలుపుతారు? డీఎస్ఎల్ వాళ్లదీ ఇదే కథ, బ్రాడ్‌బ్యాండూ డయలప్పూ ఒకే రాగి జత మీద వస్తే తీగ తెగినప్పుడు రెండూ పోతాయి. డబ్బు కట్టేముందు ఫైబర్ బాక్స్ స్విచ్ ఆపి ఫోన్ ఎత్తి చూడండి. డయల్ టోన్ వస్తే రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టు వెళ్లండి.

పాతమోడెమ్:
ఇప్పుడే చూశాను. నిశ్శబ్దం. పోయిన నెల ఆ రెండు రోజులూ ల్యాండ్‌లైన్ మోగనే లేదని ఇప్పుడు తడుతోంది. ఎవరూ చేయలేదులే అనుకున్నా!

చుక్కాని:
చెప్పానా!

రాత్రిడ్యూటీ:
మీరు చెప్పిన కారణం అది కాదు లెండి. సిమ్ కొనేముందు ఒకటి చూసుకోండి, కొన్ని కంపెనీలకు సొంత టవర్లు ఉండవు. పేరు వేరైనా మీ హాట్‌స్పాట్ వాడే నెట్‌వర్క్ మీదే నడుస్తుంటే మళ్లీ అదే గుంపులో పడతారు.

పాతమోడెమ్:
చూసుకునే కొంటాను. శనివారం ఫైబర్ ఆపేసి, ఆ సిమ్ మీద ఒక పూటంతా పని చేసి చూస్తాను. మోడెమ్ మళ్లీ అటకెక్కిస్తున్నా.

రాగితీగ:
సీరియల్ పోర్టుది, బయట పెట్టేదేనా? లోపల గుచ్చే సాఫ్ట్‌మోడెమ్ (పనంతా కంప్యూటర్‌తో చేయించేది) అయితే డ్రైవర్ లేకుండా ఎందుకూ పనికిరాదు గానీ, బయటిదైతే పడేయకండి, నాకు కావాలి.